అరబ్బీ పారసీకముల నడుమ అర్థము నడచిన త్రోవ

నిజామాబాదునుండి ఆర్మూరుమీదుగా మెట్‌పల్లి వైపు సాగు బాటలో, పసుపుచేల నడుమ నున్న మోర్తాడునకు అరబ్బీ పారసీకములతోడి పరిచయము రెండుమార్లు కలిగినది. అసఫ్‌జాహీల పాలనలో, 1880వ దశకమున ఉర్దూ ఆ స్థానము నాక్రమించువఱకు, కచేరీభాష పారసీకమే యగుటచేత, తహసీలు, జమాబందీ, ఫసలీ వంటి మాటలు పట్వారీ దస్త్రములనుండి రైతు నోటికి దిగివచ్చినవి. పిమ్మట గల్ఫు దేశములకు కూలికై పోయిన యువకులు, యజమానితో మాటలాడుటకు చాలినంత అరబ్బీని వెంటగొని వచ్చిరి. శిస్తునకును కూలికిని కావలసిన భాష ఇట్లు సులభముగనే ఎల్లలు దాటును. కావ్యార్థము సంగతి వేఱు. లిపియు, మతమును, ఛందశ్శాస్త్రమును సగము పంచుకొన్న అరబ్బీ పారసీకముల నడుమనే అది ఎన్ని యిక్కట్లు పడెనో చూచినచో ఆశ్చర్యము కలుగక మానదు.

మన బాలురు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో చదివిన మిత్రలాభ మిత్రభేదముల కథలే ఇందుకు సాక్ష్యము. ఆఱవ శతాబ్దమున ఖుస్రో అనూషిర్వాను కొలువులోని బుర్జోయ యను వైద్యుడు ఆ కథలకు మూలమైన పంచతంత్రమును నాటి పారసీకమైన పహ్లవీలోనికి మార్చెను. దానిని ఎనిమిదవ శతాబ్దమున, పుట్టుకచే పారసీకుడై అరబ్బీ గద్యమునకు ఒజ్జయైన ఇబ్నుల్ ముకఫ్ఫా ‘కలీల వ దిమ్న’ యను పేర అరబ్బీ చేసెను. పహ్లవీ ప్రతి నశించినది గనుక, తమ పూర్వుల పుస్తకమును తిరిగి తమ భాషలోనికి తెచ్చుకొనుటకు పారసీకులకు అరబ్బీయే ఆధారమైనది. సామానీ ప్రభువు ఆస్థానకవి రూదకీ దానిని పద్యములుగా వ్రాసెను. చెదురుమదురు ద్విపదలు తప్ప అదియు మిగులలేదు. పండ్రెండవ శతాబ్దమున గజనీలో, బహ్రామ్‌షా కాలమున, నస్రుల్లా మున్షీ గద్యముగ వ్రాయ బూనెను. మూలము నిరాడంబరమైనది, కాని యట్టి రచన ఆనాటి పండితులకు రుచింపదని యెంచి కాబోలు, అతడు అడుగడుగున అరబ్బీ శ్లోకములను, ధర్మవాక్యములను పొదిగి దానిని పెంచెను. ఇంతకంటె విచిత్రమేమనగా, మూడు వందల యేండ్లు దాటినపిదప హెరాతులోని హుసేన్ వాయిజ్ కాషిఫీ, నస్రుల్లా గ్రంథము అరబ్బీ పదభారముచే సామాన్యులకు కొఱుకుడుపడదని ‘అన్వారె సుహైలీ’ రచించి, ఆ సరళీకరణమునందే అంతకుమించిన అలంకారములు గ్రుమ్మరించెను. దానిని మరల తేటపఱుపుమని అక్బరు ఆజ్ఞాపింపగా అబుల్ ఫజలు 1588లో ‘ఇయారె దానిష్’ వ్రాసెను. నక్కలు రెండును, ఎద్దును, సింహమును మాఱలేదు. మాఱిన దంతయు శైలియే. మొదటి యరబ్బీ వాక్యమున నున్న పొదుపు, ఆ కథకు సగము ప్రాణము, ఏ పారసీక ప్రతికిని దక్కలేదని నా తలంపు.

అనువాదకుడు మూలమునకు చేర్పులు చేయు ఈ చిక్కును నస్రుల్లాకు ముందే గ్రహించిన పండితుడు అల్ బిరూనీ. ఇబ్నుల్ ముకఫ్ఫా తన వ్రాతలో బుర్జోయ ప్రకరణమును చేర్చినాడనియు, మూలమునకు కల్పన చేర్చినవాడు అనువాదమందు శంకింపదగినవాడే యనియు చెప్పి, పంచతంత్రమును తానే అనువదింపగలిగిన బాగుండునని అతడు భారతదేశమునుగూర్చిన గ్రంథమున కోరుకొనెను. ఆ గ్రంథపు అరబ్బీ మూలమును 1958లో అచ్చొత్తించినది, 1888లో స్థాపితమైన మన హైదరాబాదు దాయిరతుల్ మారిఫ్ సంస్థయే.

పారసీకమునుండి అరబ్బీకి వచ్చు ఎదురుత్రోవలో చిక్కు వేఱు. పారసీక సర్వనామమునకు లింగభేదము లేదు, క్రియకును లేదు. గజలులోని ప్రేమపాత్రము స్త్రీయో, పురుషుడో, పరమాత్మయో చెప్పకయే చెప్పుట ఆ కవుల సొగసు. అరబ్బీలో సర్వనామమును క్రియయు రెండును లింగమును చాటును; అనువాదకుడు ఏదో యొకటి నిర్ణయింపక తప్పదు. అరబ్బు కవులును కొండొకచో ప్రేయసిని పుంలింగముననే పిలుతురు గాని, అదియు ఒక నిర్ణయమే కదా! పద్యరూపమందును ఇట్టి పేచీయే. పారసీకుల సొత్తగు నాలుగుపాదముల పద్యమైన ఖయ్యాము రుబాయీని వదీ అల్ బుస్తానీ 1912లో, ఆంగ్లమునుండి గ్రహించి, ఏడేసి పాదములకు సాగదీసెను; ఈజిప్టు కవి అహ్మద్ రామీ పారసీకము నేర్చి మూలమునుండియే అనువదించి, 1924లో ప్రకటించెను.

తెలుగువారును ఇట్టి అనువాదముల త్రోవను ఎఱుగుదురు. ఆదిభట్ల నారాయణదాసు ఖయ్యామును సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చెను. దువ్వూరి రామిరెడ్డి పారసీకము నేర్చి ‘పానశాల’ వెలయించెను. 1952లో హైదరాబాదు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావు పారసీకమున గట్టి పండితుడు. ఇందూరు (నిజామాబాదు) కోటలోని కారాగారమున 1948లో బంధింపబడిన దాశరథి అనంతరము గాలిబు ఉర్దూ గజలులను ‘గాలిబు గీతాలు’గా తెలిగించెను. లింగభేదము విషయమున మన భాషలోని యొక విశేషము గమనింపదగినది. మోర్తాడు వీథిలో ‘వచ్చిండు’ అనవలె, లేదా ‘వచ్చింది’ అనవలె. ఏకవచనమున నడిమి మాట లేదు. గ్రాంథికమందలి ‘వచ్చెను’ మాత్రము పురుషునకును స్త్రీకిని సమానమే గనుక, పారసీకపు ఆ మఱుగును నిలుపగల సత్తా, అరబ్బీకి లేనిది, దానికి కలదు. వాడుకభాషను చేపట్టిన నేటి అనువాదకులు దానిని చేజేతుల విడిచిరి. వారిని తప్పుపట్టను గాని, గజలులను తెలిగించుటకైనను ఆ పాత క్రియను మరల చేపట్టవచ్చును.