పంటు మోసినంతే ఇల్లు

సిడ్నీ నుంచి ఉత్తరంగా గంటసేపు కారులో వెళ్తే చర్చ్ పాయింట్ రేవు దగ్గర రోడ్డు ఆగిపోతుంది. ఊరు మాత్రం ఆగదు. ఎదురుగా పిట్‌వాటర్ అనే ఉప్పునీటి పాయ, అందులో స్కాట్లండ్ ఐలండ్, దానికవతల పడమటి ఒడ్డున ఎల్వినా బే, లవెట్ బే, మార్నింగ్ బే. అక్కడికి వంతెన లేదు. పిల్లలు బడికి వెళ్లాలన్నా, గ్యాస్ బండ రావాలన్నా, మంచం మార్చాలన్నా పడవే దిక్కు.

మాది గోదావరి లంక ఊరు. వంతెన కోసం మావాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నారు. ఇక్కడేమో వంతెన లేదనే వెతుక్కుంటూ వచ్చి ఇల్లు కట్టుకునేవాళ్లున్నారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ దేశం అడవితో ఎలా కాపురం చేసిందో తెలియాలి.

పిట్‌వాటర్ చుట్టూ ఉన్న ఇసుకరాతి బండల మీద తిమింగలాలు, చేపలు, డాళ్లు చెక్కిన బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒడ్డున ఆలిచిప్పల దిబ్బలున్నాయి. తరతరాలుగా ఇక్కడ చేపలు పట్టుకుని బతికిన ఆదివాసుల ఆనవాళ్లవి. అదను చూసి చిన్న చిన్న మంటలు పెట్టి, కింద పేరుకున్న ఎండుటాకులూ పొదలూ కాల్చి, అడవిని అదుపులో ఉంచుకోవడం వాళ్లకు తెలుసు. 1788 మార్చిలో గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ పడవల్లో ఇటు వచ్చి, బ్రిటన్ ప్రధాని విలియం పిట్ పేరును ఈ నీళ్లకు పెట్టాడు. మరుసటి ఏడే మశూచి వచ్చింది. సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసుల్లో సగం మంది దాకా పోయారని ఫిలిప్ అంచనా. మనుషులతో పాటు మంటను వాడే ఆ విద్య కూడా ఈ ఒడ్డు నుంచి చెదిరిపోయింది.

ఇంకోటి కూడా పోయింది. కొత్త ఊరికి సున్నం కావాలి, సిడ్నీ దగ్గర సున్నపురాయి లేదు. మన కోనసీమ పాత మేడల గుల్లసున్నం లాగే ఇక్కడా చిప్పలు కాల్చారు. కాల్చిన వాటిలో ఆదివాసుల దిబ్బలు తవ్వి తెచ్చినవీ ఉన్నాయి. వాళ్ల పూర్వీకుల భోజనాల గుర్తులు సిడ్నీ గోడల్లో కలిసిపోయాయి. ఈ దేశంలో పర్యావరణానికి మేలు చేసే ఇల్లు అని ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ సున్నమే.

స్కాట్లండ్ ఐలండ్‌కు ఆ పేరు ఆండ్రూ థాంప్సన్ వల్ల వచ్చింది. ఖైదీగా ఓడెక్కి వచ్చిన స్కాట్లండ్ కుర్రాడు, క్షమాభిక్ష దొరికాక వ్యాపారంలో పైకొచ్చి 1810లో మేజిస్ట్రేట్ కూడా అయ్యాడు. దీవిలో సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీయించాడు, ఓడ కట్టించాడు. ఉప్పుబట్టీకి కట్టెలు కావాలి కదా, చెట్లు పడ్డాయి. అడవి అంటే కొట్టి వాడుకునే సరుకు అన్న ఆ చూపు దాదాపు వందేళ్లు సాగింది. 1894లో పడమటి కొండలను కూరింగై చేజ్ పేరుతో ప్రజల కోసం కేటాయించారు. ఎక్లెస్టన్ డు ఫార్ అనే పెద్దమనిషి పట్టుబట్టి సాధించిన పని అది. అందుకే ఆ ఒడ్డున ఇళ్లకు నీటి అంచున సన్నని పట్టీ మాత్రమే మిగిలింది, వెనకంతా రక్షిత అడవి. రోడ్డు లేకపోవడం వెనక ఉన్న కథ ఇదే. దాన్ని నేను లోటుగా కాక వరంగా చూస్తాను.

20వ శతాబ్దంలో ఆ పట్టీలో సెలవులకు వచ్చేవాళ్లు ఫైబ్రో అనే సిమెంటు రేకుల గుడిసెలు వేసుకున్నారు. పడవలో పట్టే సరుకు, చేతనైన వడ్రంగం, అంతే. తర్వాత 1994 జనవరి వచ్చింది. న్యూ సౌత్ వేల్స్ అంతటా 800కు పైగా మంటలు, 200కు పైగా ఇళ్లు బూడిద, నలుగురి మరణం. పిట్‌వాటర్ పడమటి ఒడ్డు కూడా కాలింది. ఇక్కడి స్పాటెడ్ గమ్ చెట్లు మన జామాయిల్‌కు దాయాదులే. ఆకులో నూనె ఉంటుంది, బెరడు రాలుతుంది, ఎండాకాలం గాలికి ఏది ఎటు ఎగురుతుందో చెప్పలేం.

అడవిని తోసేయకుండా ఇల్లు కట్టాలన్న ఆలోచన మాత్రం అంతకు ముందే ఉంది. కాన్‌బెర్రాకు నమూనా గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్, మారియన్ మహొనీ దంపతులు 1920ల్లో సిడ్నీ కాసిల్‌క్రాగ్‌లో కొండరాతితోనే, కొండ కంటే తగ్గి ఉండే ఇళ్లు కట్టారు. ఆ గ్రిఫిన్ 1935లో లక్నో వెళ్లి, 1937లో అక్కడే కన్నుమూశారు. లవెట్ బేలో రిచర్డ్ లెప్లాస్ట్రియర్ తన కోసం ఒకే గది ఇల్లు కట్టుకున్నారు. యువకుడిగా సిడ్నీ ఒపేరా హౌస్ శిల్పి యోర్న్ ఉట్జన్ దగ్గర పనిచేసిన మనిషి. గది చుట్టూ వసారా, గోడలకు అద్దాల్లేవు, తీసి మూసే చెక్క పలకలే. కావాల్సినంత కట్టుకుని ఆపడమే అన్నిటికంటే గొప్ప పొదుపని ఆ ఇల్లు చూస్తే ఒప్పుకోవాల్సిందే.

ఇలాంటి చోట నమూనా గీసేవాళ్లకు మొదటి కొలబద్ద పంటు, అంటే సరుకు మోసే బల్లకట్టు. బరువైన సరుకంతా పోటు సమయం చూసుకుని రావాలి, నీళ్లు తగ్గితే పంటు ఒడ్డుకు చేరదు. దిగిన సరుకు నిటారు కొండ ఎక్కాలి, చేతుల మీదనో, పట్టాల మీద నడిచే లిఫ్టుతోనో. ఒక్క చెక్క కొలత తప్పినా మళ్లీ పడవ, మళ్లీ పోటు. కాబట్టి ఇద్దరు మోయగల ముక్కలుగా ఇంటిని ఊహించాలి. కాంక్రీటు దిమ్మె బదులు బండల మధ్య సన్నని ఉక్కు కాళ్లు. రేవు గుంజలకు మాత్రం టర్పెంటైన్ చెట్టు దుంగలు, ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు వాటి జోలికి అంతగా రాదు. సూర్యుడు ఇక్కడ ఉత్తరాన తిరుగుతాడు గనక వసారా ఉత్తరానికి. దక్షిణం ముఖం వద్దనే మన వాస్తు పట్టింపు ఇక్కడ ఎండ కోసం పెట్టే పట్టింపుతో కలిసిపోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

అసలు చిక్కు నీళ్లకూ నిప్పుకూ మధ్య ఉంది. తాగడానికి వాననీళ్లే గతి, కప్పు చుట్టూ గట్టర్ ఉండాల్సిందే. ఆ గట్టర్లోనే ఎండుటాకులు చేరతాయి. కార్చిచ్చులో చాలా ఇళ్లను కాల్చేది మంటల గోడ కాదు, దానికంటే ముందే గాలిలో వచ్చి ఇలాంటి సందుల్లో కూర్చునే నిప్పురవ్వలు. నేలను తాకకుండా కాళ్ల మీద లేపిన ఇంటికి అడుగు భాగమే బలహీనం. అందుకే గట్టర్ మీద లోహపు జాలీ, ఇంటి అడుగున 2 మిల్లీమీటర్లకు మించని కన్నాల ఉక్కు తెర, ప్లాస్టిక్ బదులు ఉక్కు ట్యాంకు, అందులో మంటల కోసం ముట్టుకోకుండా ఉంచే నీళ్లు, కరెంటు పోయినా తిరిగే ఇంజన్ పంపు. 2009లో విక్టోరియాలో 173 మంది కార్చిచ్చుకు బలైన తర్వాత కార్చిచ్చు ప్రాంతాల ఇళ్ల నిబంధనలు దేశమంతా గట్టిపడ్డాయి. ఇంటికి 10 మీటర్లలోపు చెట్లు కొట్టుకోవచ్చని 2014లో న్యూ సౌత్ వేల్స్ సడలింపు ఇస్తే, సముద్రం బాగా కనపడాలని నరికించినవాళ్లూ ఉన్నారని గొడవ రేగింది, ప్రభుత్వం దాన్ని మళ్లీ బిగించింది. స్పాటెడ్ గమ్ అడవి ఇక్కడ అంతరించే ప్రమాదంలో ఉంది. చెట్టు కొట్టాల్సినంత దగ్గరగా ఇల్లు పెట్టడమే నమూనాలోని తప్పని నా నమ్మకం.

మరుగుదొడ్డి నీళ్లు ఇంకా కష్టం. స్కాట్లండ్ ఐలండ్‌కు మురుగు పైపు కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. రాతి మీద మట్టి పొర పలచన, సెప్టిక్ ట్యాంకు నిండితే జారేది పాయలోకే.

పాత గుడిసె తీసేయాలంటే ఆ శిథిలాలు కూడా పంటెక్కి వెనక్కి పోవాలి. ఆ కాలపు ఫైబ్రోలో ఆస్‌బెస్టాస్ ఉంది, తడిపి, చుట్టి, లైసెన్సు ఉన్నవాళ్లతో మోయించాలి. అందుకే పడవదారి ఇళ్లకు మేకుల కంటే బోల్టులు మేలంటాను. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వాటిని విప్పి, చెక్క చెక్కగానే, ఉక్కు ఉక్కుగానే అదే రేవు నుంచి తీసుకెళ్లగలగాలి.