విడిరాతకూ కలిపిరాతకూ నడుమ

జూన్ వచ్చిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లె పుస్తకాల షాపుల్లో నాలుగు గీతల కాపీలు కట్టలు కట్టలుగా దిగుతాయి. పైనా కిందా ఎర్రగీత, నడుమ రెండు నీలిగీతలు. ఎల్‌కేజీలో విడివిడిగా దిద్దించిన ఏబీసీడీలనే ఒకటి రెండేళ్లకల్లా కలిపి రాయమంటారు. కలపడం ఒక్కటే అయితే పేచీ లేదు. ఎఫ్, ఆర్, ఎస్, జెడ్‌లు రూపమే మార్చేసుకుంటాయి. పిల్లవాడికి అది రెండో అక్షరాభ్యాసం.

ఈ చిక్కు మనకు కొత్తేమీ కాదు. కరణాల కాలంలో తెలుగుకూ రెండు రాతలుండేవి. బళ్లో పలకమీద గుండ్రంగా దిద్దేది ఒకటి, ఊరి లెక్కల్లో నడిచేది ఇంకొకటి, గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికీ మాటను మాటకూ తగిలించుకుంటూ పోవడమే దాని పద్ధతి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణీకాలు రద్దు చేశాక అది నేర్పేవాళ్లూ, నేర్చుకునేవాళ్లూ కరువయ్యారు. ఇప్పుడు తాతలనాటి దస్తావేజు బయటపడితే చదివిపెట్టే పెద్దాయన కోసం ఊళ్లు తిరగాలి.

ఇంతకీ ఇంగ్లీషు కలిపిరాతలో మెలికలెక్కడివి? 18వ శతాబ్దపు లండన్‌లో దస్తూరి మేష్టర్ల నమూనాలను రాగిరేకులమీద చెక్కి అచ్చువేసేవారు. జార్జ్ బిక్‌హామ్ 1733 నుంచి 1741 దాకా విడతలుగా తెచ్చిన 'యూనివర్సల్ పెన్‌మన్' వాటిలో పేరుమోసింది. చెక్కేవాడి పనిముట్టు ఎంత సన్నగానైనా తిరుగుతుంది. దాన్ని అనుకరించడానికి మొనదేలిన పాళీ కావాలి. నొక్కితే లావుగీత, వదిలితే సన్నగీత. ఇవాళ పిల్లల చేతిలో బాల్‌పెన్ ఉంది. దానికి లావూ సన్నమూ తెలియవు, మెలికలు మాత్రం మిగిలాయి!

విడిరాత సంగతి వేరు. 1913లో దస్తూరి నిపుణుడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ లండన్ ఉపాధ్యాయులకు ఇచ్చిన ఉపన్యాసం తర్వాతే అది అక్కడి చిన్నతరగతుల్లోకి వచ్చింది. అంటే ఈ రెండు రాతలూ ఒకదానికోసం ఒకటి పుట్టినవి కావు. ఒకదాని తర్వాత ఒకటి నేర్పడం మన పెద్దల ఏర్పాటు, అంతే.

రెంటికంటే పాతది ఇటాలిక్. 15వ శతాబ్దంలో ఫ్లోరెన్సులో నిక్కోలో నిక్కోలి పుస్తకాలు త్వరగా నకలు తీసుకోవడానికి వాడిన వాలురాత అది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనుటియస్ దాన్ని అచ్చక్షరాలుగా పోత పోయించి వర్జిల్ కావ్యాలు ముద్రించాడు. 1522 తేదీ వేసుకున్న 'లా ఒపెరీనా' అనే పుస్తకంలో అర్రిఘి అనే లేఖకుడు ఆ రాత నేర్పే విధానం చెప్పాడు. కాలక్రమాన మరుగున పడిన దాన్ని ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫెయిర్‌బ్యాంక్ 1932లో తన దస్తూరి పుస్తకంతో మళ్లీ బళ్లకు చేర్చాడు. 1979లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి బార్బరా గెట్టీ, ఇంగా డుబే పిల్లల కోసమే పాఠాల వరుస తెచ్చారు.

ఇటాలిక్‌లో కిటుకల్లా ఒక్కటే. మొదటిరోజు దిద్దిన అక్షరమే చివరిదాకా ఉంటుంది. 'ఎన్' చివర చిన్న కొక్కెం ముందే ఉంటుంది. కలపాల్సినప్పుడు దాన్ని ఏటవాలుగా పక్క అక్షరం దాకా సాగదీస్తే సరి. జి, జె, క్యూ, వై తర్వాత కలం ఎత్తేయవచ్చు, పెద్దక్షరాలను అసలు కలపనక్కర్లేదు. తోకలన్నీ ముడివేస్తేనే ముత్యాల్లాంటి దస్తూరి అనే మన మేష్టర్లకు ఇది మింగుడు పడకపోవచ్చు. కొత్త కాపీలు కొనాల్సిన పని మాత్రం లేదు. ఆ నాలుగు గీతలే చాలు.