సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? పోయింది క్లచ్చా, గేర్ బాక్సా.. ఇలా కనిపెట్టండి!

మెరిసే పెయింట్, మీటర్‌లో 40 వేల కిలోమీటర్లే.. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూడగానే చాలామంది అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కానీ సికింద్రాబాద్‌లో తిరిగిన కారుకు మీటర్ ఒక్కటే చూస్తే సరిపోదు. ప్యారడైజ్, ప్యాట్నీ, సంగీత్ చౌరస్తాల ట్రాఫిక్‌లో క్లచ్ సగం తొక్కి నడిపిన బండికి, హైవేపై తిరిగిన బండి కంటే ముందే క్లచ్ ప్లేట్ అరుగుతుంది. టీఎస్ 10, టీజీ 10 నంబర్లు తిరుమలగిరి ఆర్టీఏవే. అలాంటి నంబర్ కనిపిస్తే రోజూ ఎక్కడ తిరిగిందో తప్పకుండా అడగండి.

క్లచ్ మార్చాలంటే గేర్ బాక్స్ కిందికి దించాల్సిందే. అందుకే లోపం ఒకచోట ఉంటే, ఇంకోటి మారిస్తే డబ్బు రెండుసార్లు పోతుంది.

క్లచ్ జారుతోందా?

ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని ఓనర్‌కు చెప్పండి. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, వేడెక్కేదాకా నడపాలి. ఖాళీ రోడ్డుపై నాలుగో గేర్‌లో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగబాకి, స్పీడ్ మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. టర్బో ఇంజిన్ అయితే బూస్ట్ వచ్చేదాకా ఆగి చూడాలి. కాలిన వాసన వచ్చినా అనుమానించాల్సిందే.

చప్పుడు ఎప్పుడొస్తోంది?

బండి న్యూట్రల్‌లో ఉంచి వినండి. పెడల్ తొక్కినప్పుడే చప్పుడొస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్స్ లోపలి బేరింగ్ కావచ్చు. ఇంజిన్ ఆపేటప్పుడు గలగలమంటే ఫ్లైవీల్ కూడా చెక్ చేయించాలి.

గేర్ గరగరమంటోందా?

పెడల్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేక్ ఆయిలే వాడతారు కాబట్టి లీకేజీ చూడండి. ఒక్క రెండో గేర్‌లోనే గరగరమంటే మాత్రం సింక్రో అరిగి ఉండొచ్చు. దానికి కొత్త క్లచ్ వేసినా ఫలితం ఉండదు.

మలుపులో టకటక

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే టకటకమంటే యాక్సిల్ బయటి జాయింట్ పోయినట్టే. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చిమ్మిందేమో చూడండి. తిన్నగా వెళ్తూ రేజ్ చేస్తే వణుకు వస్తే లోపలి జాయింట్‌ను చూడాలి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు 'ధడ్' మంటే ఇంజిన్ మౌంటింగ్‌లు పరీక్షించాలి.

డీఎస్‌జీ కార్లలో..

వీటికి క్లచ్ పెడల్ ఉండదు, లోపల రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో 7 స్పీడ్ డ్రై క్లచ్ రకం. ట్రాఫిక్‌లో పాకించినట్టు నడిపి, ఒకటి నుంచి రెండో గేర్‌కు మారేటప్పుడు కుదుపు ఉందేమో చూడండి. 2017 ఆక్టేవియా ఆర్‌ఎస్‌లోది ఆయిల్‌లో తడిసే 6 స్పీడ్ రకం. దీనికి సాధారణంగా 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. మార్చినట్టు బిల్లు అడగండి.

బేరం ఇలా..

చివరగా బండిని లిఫ్ట్ ఎక్కించి అడుగున చూపించండి, స్కానర్ పెట్టించండి. రాణిగంజ్‌లో విడిభాగాల ధర కనుక్కుని, మెకానిక్ దగ్గర లేబర్‌తో కలిపి ఎస్టిమేట్ రాయించుకోండి. ఆ మొత్తం ధరలో తగ్గించాకే అడ్వాన్స్ ఇవ్వండి. చల్లటి ఇంజిన్‌తో టెస్ట్ డ్రైవ్‌కు ఓనర్ ఒప్పుకోకపోతే, ఆ కారు వదిలేయడమే మంచిది.