మూడేళ్ల కాగితం: తెలుగునాట ప్రోనోటు

తెలుగునాట ఇద్దరు మనుషుల మధ్య అప్పు నోటిమాట దాటి రాతకు ఎక్కిందంటే అది చాలావరకు ప్రోనోటే. నాలుగు రోజుల్లో తిరిగిచ్చే చేబదులుకు కాగితం ఉండదు. వడ్డీకి తెచ్చే సొమ్ముకు మాత్రం ప్రామిసరీ నోటు రాయాల్సిందే. దస్తావేజు లేఖరుల దగ్గర, స్టేషనరీ కొట్లలో దీని అచ్చు ఫారాలు దొరుకుతాయి. పైన తేదీ, ఊరు, ఇరువురి పేర్లూ తండ్రుల పేర్లూ ఉంటాయి. సొమ్మును ఒకసారి అంకెల్లోనూ మరోసారి ‘అక్షరాలా’ అంటూ మాటల్లోనూ రాస్తారు. తర్వాత వడ్డీ దర, కోరిన తక్షణం ‘మీకు గాని, మీ ఆర్డరు పొందినవారికి గాని’ అసలూ వడ్డీ చెల్లిస్తానన్న మాట వస్తాయి. కింద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. సాక్షులు ఉండాలని చట్టం అడగదు. రేపు ‘ఆ సంతకం నాది కాదు’ అంటే ఎలా అని అప్పిచ్చేవారే పెట్టించుకుంటారు.

వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పే పద్ధతి ఈ కాగితం కంటే చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం మామూలు అప్పుకు నెలకు నూటికి ఒకటింపావు పణం ధర్మమైన వడ్డీ అంది. వర్తకులకు అయిదు, అడవిదారుల్లో వ్యాపారం చేసేవారికి పది, సముద్ర వ్యాపారులకు ఇరవై పణాల దాకా ఒప్పుకుంది. ముప్పు పెరిగేకొద్దీ వడ్డీ పెరగాలన్న లెక్క అప్పటికే ఉందన్నమాట. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ఆధారంగా కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు పద్యాల్లో రచించాడు. తెలుగులో తొలి న్యాయశాస్త్ర గ్రంథాల్లో అదొకటి. ఈ ధర్మశాస్త్రాల ప్రకారం తండ్రి బాకీ తీర్చడం కొడుకు విధి. ఆ విధిని బ్రిటిష్ కోర్టులూ అమలు చేశాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించేదాకా అది పూర్తిగా పోలేదు.

19వ శతాబ్దం నడుమ వచ్చిన రెండు చట్టాలు అప్పుల తీరునే మార్చాయి. 1855 చట్టం వడ్డీ మీద ఉన్న పరిమితులను ఎత్తేసింది. ఇరువురూ ఒప్పుకున్న దర ఎంతైనా కోర్టు ఇప్పించాల్సిందే. 1859 కాలపరిమితి చట్టం, రిజిస్టరు కాని అప్పు మీద మూడేళ్లలోగా దావా వేయకపోతే ఆ హక్కు పోతుందని చెప్పింది. పాత బాకీలతో తరతరాల తరబడి వేధించకుండా రుణగ్రస్తుణ్ని కాపాడడమే రెండోదాని ఉద్దేశం. జరిగింది వేరు. మూడేళ్లు నిండే ముందు షావుకారు అప్పటిదాకా పెరిగిన వడ్డీని అసల్లో కలిపి కొత్త పత్రం రాయించుకునేవాడు. పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో ఈ తిరగరాతలు రైతులను ఎంత కుంగదీశాయో 1875 దక్కన్ అల్లర్ల తర్వాత వేసిన కమిషన్ గుర్తించింది. ఆ ఏడాది మే నెలలో సూపా గ్రామంలో మొదలైన ఆ అల్లర్లలో రైతులు షావుకార్ల ఇళ్ల మీదికి వెళ్లి వెతికి మరీ తగలబెట్టింది అప్పు పత్రాలనే.

ప్రోనోటు నేటి రూపం 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంతో ఖాయమైంది. అసలు ఆ చట్టం రేవుపట్నాల వర్తకుల కోసం చేసింది. సరుకు ఒకచోట, డబ్బు మరోచోట ఉండే వ్యాపారంలో కాగితమే సొమ్ములా చేతులు మారాలి. అందుకే నోటులో ‘ఆర్డరు పొందినవారికి’ అన్న మాట చేరింది. వెనకవైపు ఒక సంతకం చేస్తే చాలు, నోటు ఇంకొకరికి బదిలీ అవుతుంది. సొమ్ము ముట్టిందనే కోర్టు ముందుగా భావిస్తుంది, ముట్టలేదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పుపడ్డవాడిదే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఖర్చు స్టాంపు మాత్రమే. కేంద్ర చట్టం ప్రకారం వెయ్యి రూపాయలు దాటిన డిమాండ్ నోటుకు 25 పైసల స్టాంపు చాలు, వాడుకలో అందరూ రూపాయి బిళ్లే అంటిస్తారు. అంత చిన్న స్టాంపే అయినా లేకపోతే నోటు కోర్టులో చెల్లదు. చాలా పత్రాల విషయంలో జరిమానా కట్టి ఆ లోపాన్ని సరిచేసుకోవచ్చు, ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు. ఇంత చవకగా, ఇంత గట్టిగా పనికొచ్చే కాగితం పల్లె అప్పుల్లోకి దిగకుండా ఉంటుందా?

మూడేళ్ల గడువు ఇక్కడే మెలిక పెట్టింది. నోటులో ‘కోరిన తక్షణం’ అని ఉన్నా, గడువు అడిగిన రోజు నుంచి కాదు, రాసిన రోజు నుంచే నడుస్తుంది. అది దాటితే కాలదోషం పడుతుంది, ఊళ్లో మాటలో నోటు మురిగిపోతుంది. మురిగిపోకుండా చూసుకునే దారులు రెండు. మొదటిది చెల్లు. కొంత సొమ్ము కట్టి, ఫలానా తేదీన ఇంత ముట్టిందని నోటు వెనక రాసి అప్పుపడ్డవాడు సంతకం చేస్తే, ఆనాటి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. గడువు లోపల పడితేనే చెల్లు పనిచేస్తుంది. కొన్ని నోట్ల వెనక పది రూపాయల చెల్లు కనిపించేది అందుకే. రెండోది నోటు తిరగరాయడం. వెయ్యి రూపాయల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుంటే మూడేళ్లకు వడ్డీ 720 రూపాయలు. తిరగరాస్తే కొత్త నోటు అసలు 1,720. ఇంకో మూడేళ్లకు అది 2,958 దాటుతుంది, తొమ్మిదో ఏటికి 5,088. బారువడ్డీ లెక్కన తొమ్మిదేళ్లకు అయ్యేది 3,160 మాత్రమే. ప్రతి నోటులోనూ రాసింది బారువడ్డీయే. ఒకదాని మీద ఒకటి పేరిస్తే చక్రవడ్డీ. కాలపరిమితి చట్టం అనుకోకుండా చేసిన అన్యాయం ఇదే, దాన్ని సరిదిద్దే ప్రయత్నాలన్నీ ఆలస్యంగానే వచ్చాయి.

1918లో వచ్చిన అధిక వడ్డీ చట్టం వల్ల మరీ అన్యాయమైన ఒప్పందాన్ని తిరగదోడే అధికారం కోర్టులకు దక్కింది. 1929 తర్వాత ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది, నోటు మీది అంకె మాత్రం తగ్గలేదు. పాత అప్పు తీర్చడానికి రైతు ఎక్కువ బస్తాలు అమ్మాల్సి వచ్చింది. రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం ఆ నేపథ్యంలోదే. అప్పటి ఆంధ్ర జిల్లాలకూ అది వర్తించింది. 1932 అక్టోబరుకు ముందటి అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టినవారి బాకీ తీరిపోయినట్టే. కొత్త అప్పులకు రూపాయికి నెలకు ఒక ‘పై’ (దమ్మిడీ), అంటే ఏడాదికి ఆరుంపావు శాతం బారువడ్డీ మించకూడదు. అన్నింటికంటే పదునైనది తిరగరాతల గురించిన వివరణ. నోటు ఎన్నిసార్లు మారినా, మొట్టమొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా లెక్కించాలంది. ఆ వివరణ ‘అదే రుణదాత పేర’ రాసిన నోట్లకే పరిమితం కావడంతో, బావమరిది పేరో కొడుకు పేరో పెట్టి రాయించుకున్న నోట్ల మీద వ్యాజ్యాలు నడిచాయి. రుణదాత తరఫున వేరొకరి పేర రాయించినా తప్పించుకోవడానికి వీల్లేకుండా 1948 సవరణ ఆ సందును మూసింది.

నిజాం రాజ్యంలోని తెలంగాణలో పరిస్థితి కొంత వేరు. అక్కడ డబ్బుతోపాటు ధాన్యమూ అప్పుగా నడిచేది. విత్తనాలకో తిండికో తెచ్చుకున్న గింజలను పంట వచ్చాక ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలిచి ఇచ్చే పద్ధతికి నాగు అని పేరు. పంటకాలం నాలుగైదు నెలలే కాబట్టి ఏడాది లెక్కన అది నూరు శాతం దాటుతుంది. నిజాం ప్రభుత్వం వాడిన ఫస్లీ పంచాంగం ప్రకారం 1349లో వచ్చిన హైదరాబాదు వడ్డీ వ్యాపారుల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి వేసిన దావా నిలవదు.

1951-52 అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం సాగుదారుల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం. వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం. తర్వాత బ్యాంకులు పల్లెలకు వచ్చాయి. అవి కూడా డిమాండ్ ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకున్నాకే అప్పు ఇస్తాయి.

1881 చట్టంలోనే ఉన్న మరో నిబంధన ఇటీవలి దశాబ్దాల్లో ఎక్కువ వివాదాలకు దారితీసింది. స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ కాగితాన్ని ఒకరి చేతికిస్తే, ఆ స్టాంపుకు సరిపడే మొత్తం దాకా నింపుకునే అధికారం ఇచ్చినట్టే. 1989 ఏప్రిల్ నుంచి చెక్కు బౌన్సు కావడం నేరమైంది. దాంతో ఖాళీ నోటుకు ఖాళీ చెక్కు తోడైంది. నోటు మీద సివిల్ దావా ఏళ్ల తరబడి సాగితే, చెక్కు మీద జైలు భయం ఉంటుంది. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీ అప్పుల ‘కాల్‌మనీ’ వ్యవహారం బయటపడినప్పుడు పోలీసు సోదాల్లో దొరికినవి ఎక్కువగా ఈ రెండే.

2022లో కేంద్రం సమాచార సాంకేతిక చట్టం షెడ్యూలును సవరించి, రిజర్వు బ్యాంకు వంటి సంస్థల నియంత్రణలో ఉన్న రుణదాతల పేర రాసే డిమాండ్ నోటు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండవచ్చని ఒప్పుకుంది. వ్యక్తుల మధ్య రాసుకునే ప్రోనోటుకు ఆ సవరణ వర్తించదు.