పినాటుబో పేలితే ఓజోన్ ఎందుకు కరిగింది?

1991 జూన్ 15. ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవిలో పట్టపగలే చీకటి కమ్మింది. సుమారు 500 ఏళ్లుగా నిద్రలో ఉన్న పినాటుబో అగ్నిపర్వతం ఆ రోజు బద్దలైంది. సరిగ్గా అదే రోజు యున్యా తుపాను దీవి మీద విరుచుకుపడింది. వానకు నానిన బూడిద తడి సిమెంటులా బరువెక్కి ఇళ్ల కప్పులను కూల్చేసింది. వందల మంది ఆ కప్పుల కిందే ప్రాణాలు వదిలారు. శాస్త్రవేత్తలు ముప్పును ముందే పసిగట్టి వేలాది కుటుంబాలను ఖాళీ చేయించబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ప్రాణనష్టం ఎన్నో రెట్లు ఉండేది.

బూడిద కొద్ది రోజుల్లో కిందికి దిగింది. వాయువులు దిగలేదు. కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ మేఘాలను దాటి స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరింది. నింబస్-7 ఉపగ్రహం చూస్తుండగానే ఆ మేఘం మూడు వారాల్లో భూగోళాన్ని చుట్టేసింది. అంత ఎత్తులో వాన ఉండదు, కడిగేసే దిక్కు లేదు. ఆ వాయువు నెమ్మదిగా సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నని తుంపరగా మారి రెండేళ్లకు పైగా అక్కడే తేలుతూ ఉండిపోయింది. 1992లో ప్రపంచ ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గడానికి ఆ తెరే కారణం.

ఓజోన్ కూడా తగ్గింది. 1992, 93 సంవత్సరాల్లో ప్రపంచ సగటు అంతకుముందెన్నడూ నమోదు కానంత కిందికి పడింది. 1993 అక్టోబరులో దక్షిణ ధ్రువం మీద బెలూన్లు పంపి కొలిస్తే, 14 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు పూర్తిగా మాయమైనట్టు తేలింది.

అలాగని నేరమంతా కొండ మీద మోపితే అన్యాయమే అవుతుంది. అగ్నిపర్వతం కక్కే వాయువుల్లో క్లోరిన్‌తో కూడిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, నిజమే. కానీ వెంట లేచే ఆవిరి నీళ్లుగా మారి అందులో చాలా భాగాన్ని దారిలోనే కడిగేస్తుంది. ఓజోన్‌ను తిన్న క్లోరిన్ మన ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాల నుంచి వెళ్లింది. వాటిలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌కు చేటు చేస్తాయని శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లోనే హెచ్చరించారు. మామూలుగా నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ క్లోరిన్‌లో కొంత భాగాన్ని కట్టిపడేస్తాయి. ఆమ్ల తుంపర ఉపరితలం మీద జరిగే చర్యల్లో ఆ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారిపోతాయి. కాపలా పోతుంది, క్లోరిన్ విజృంభిస్తుంది. 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలుడును పరిశీలించి శాస్త్రవేత్తలు డేవిడ్ హాఫ్‌మన్, సుసాన్ సోలమన్ 1989లో ఈ సంగతే రాశారు. కొన్నేళ్లకే పినాటుబో వాళ్ల మాటను రుజువు చేసింది.

1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడూ ఆకాశం ఇలాగే మసకబారింది. ఆ సెప్టెంబరులో మద్రాసు జనం ఆకుపచ్చ సూర్యుణ్ణి చూశారు. అప్పటికి క్లోరోఫ్లోరోకార్బన్లు పుట్టనే లేదు కనుక ఓజోన్‌కు ఇంత నష్టం జరిగే అవకాశమే లేదు.

1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వల్ల ఆ రసాయనాల తయారీ ఆగింది. గాలిలో చేరినవి మాత్రం దశాబ్దాల తరబడి ఉంటాయి. అందుకే 2015లో చిలీలోని కాల్‌బుకో అగ్నిపర్వతం పేలిన ఏడాది అంటార్కిటికా ఓజోన్ రంధ్రం మళ్లీ బాగా విస్తరించింది. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రగర్భంలో పేలిన హుంగా కథ వేరు. అది గంధకం కొద్దిగానే చిమ్మినా, సుమారు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కించింది.

అంటార్కిటికా మీది ఓజోన్ 1980 నాటి స్థాయికి తిరిగి రావడానికి 2066 దాకా పడుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఈలోగా పినాటుబో అంతటి కొండ ఇంకొకటి పేలితే ఓజోన్‌కు మళ్లీ గండి తప్పదు. కొండను ఎవరూ ఆపలేరు. పాత ఫ్రిజ్, పాత ఏసీ పారేసేటప్పుడు అందులోని గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా పట్టించడం మాత్రం మన చేతిలోనే ఉంది.