ఖత్నా వ్యతిరేక ఉద్యమం (భారతదేశం)

దావూదీ బోహ్రా సమాజంలో బాలికలకు చేసే జననాంగ కోతను (ఖత్నా, ఖఫ్జ్) మాన్పించడానికి ప్రధానంగా ఆ సమాజపు మహిళలే నడుపుతున్న ఉద్యమం. షియా ముస్లింలలో ఇస్మాయిలీ శాఖకు చెందిన ఈ వర్తక సమాజం ముంబై, సూరత్, ఉదయ్‌పూర్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ ఉంది.

ఆచారం: సుమారు ఏడేళ్ల వయసులో యోనిశీర్షాన్ని కప్పి ఉండే చర్మాన్ని కోస్తారు. తల్లి, అమ్మమ్మ లేదా నాయనమ్మ పాపను తీసుకెళ్తారు. విషయం బయటికి పొక్కనివ్వరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మొదటి రకం కోతగా వర్గీకరించింది.

ఉద్యమం: ప్రియా గోస్వామి 2012లో తీసిన 'ఎ పించ్ ఆఫ్ స్కిన్' డాక్యుమెంటరీ ఈ మౌనాన్ని బద్దలు కొట్టింది. 2015లో 'సహియో' సంస్థ ఏర్పడింది. మాసూమా రనాల్వీ 'వియ్ స్పీక్ అవుట్' వేదికను ప్రారంభించారు. సహియో 2017లో వెల్లడించిన సర్వేలో పాల్గొన్న 385 మంది మహిళల్లో 80 శాతం మంది తమకు ఖత్నా జరిగిందన్నారు. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని భోంచేసే బోహ్రా సంప్రదాయాన్నే 'థాల్ పే చర్చా' పేరిట సంభాషణ వేదికగా మలిచారు. మతస్వేచ్ఛ పేరుతో ఆచారాన్ని సమర్థించే మహిళా సంఘమూ ఉంది.

చట్టం: దీన్ని ప్రత్యేకంగా నిషేధించే చట్టం దేశంలో లేదు. ఈ ఆచారానికి వ్యతిరేకంగా 2017లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. శిక్షాస్మృతి, పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ) చట్టాల కింద ఇది నేరమేనని కేంద్రం వాదించింది.