బ్యాకప్ ఉంటే సరిపోతుందా?

మొన్న అక్వేరియం షాపులో గాజుకి అతుక్కున్న సక్కర్ ఫిష్‌ని చూస్తుంటే మా టీంలో ఒకడు "దీని చుట్టం ఒకటుంది, జీబ్రా ప్లెకో, వెతికి చూడు" అన్నాడు. చూశాను. తెల్లారి స్టాండప్‌కి లేటు!

వేలెడంత చేప. పొలుసుల బదులు ఒళ్ళంతా ఎముక పలకలు, కవచం తొడిగినట్టు. తెలుపు మీద నల్ల చారలు. బ్రెజిల్‌లో షింగు నది తిరిగే వోల్టా గ్రాండే అనే పెద్ద వంపు దగ్గర తప్ప సహజంగా ఇంకెక్కడా బతకదు.

శాస్త్రవేత్తలు పేరు పెట్టేలోపే ఇలాంటి చేపలు షాపులకి వచ్చేస్తున్నాయని, డాట్స్ అనే జర్మన్ పత్రిక 1988లో వాటికి నంబర్లివ్వడం మొదలెట్టింది. మన బగ్ ఐడీల్లాగే అనుకోండి. దీనిది ఎల్-46. హైపాన్‌సిస్ట్రస్ జీబ్రా అన్న అసలు పేరు 1991లో వచ్చింది.

ఇంతలో అదే నది మీద డ్యాం ప్లాను. 1989లో అల్తమీరా సభలో టుయిరా అనే కయాపో ఆదివాసీ మహిళ కరెంటు సంస్థ అధికారి చెంపకి కత్తి ఆనించింది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ప్రాజెక్టు అటకెక్కింది. తర్వాత పేరు మార్చుకుని బెలో మోంచిగా దిగొచ్చింది. 2011లో పనులు మొదలు, 2016లో కరెంటు, 2019కల్లా అన్ని టర్బైన్లూ. మొత్తం 11,233 మెగావాట్లు. ఇంజనీరుగా ఆ అంకె చూస్తే నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు. కానీ నీళ్ళలో చాలా భాగం కాలవలోకి మళ్ళి, వోల్టా గ్రాండేని పక్కన పెట్టి పోతోంది.

తమాషా ఏంటంటే, అంతకుముందే 2004లో బ్రెజిల్ ఈ చేపని అంతరించిపోతున్న జాబితాలో పెట్టి, పట్టడాన్ని నిషేధించింది. అంటే చేపని పడితే నేరం, దాని నదిని మళ్ళిస్తే లైసెన్సు!

"ఏం ఫర్లేదు, చాలా దేశాల్లో తొట్లలో పెంచుతున్నారుగా, బ్యాకప్ ఉంది" అన్నాడు మావాడు. నిజమే, ఉంది. కానీ బాబూ, సర్వరే లేకపోతే రిస్టోర్ ఎక్కడ చేస్తాం?